బెత్తెడు దూరంలో మైకు

ఏడు రోజులు, రోజుకు 24 గంటలు, మొత్తం 168. అఖండ హరినామ సప్తాహం లెక్క ఇది. నారాయణఖేడ్ ప్రాంతంలో, అందులోనూ కర్ణాటక సరిహద్దును ఆనుకున్న నాగల్‌గిద్ద వైపు ఊళ్లలో ఈ లెక్క పిల్లలకూ నోటికొచ్చు. వీణ కింద పెట్టొద్దు, నామం ఆగొద్దు. పహరా మారుతుంది, మనుషులు మారతారు, వీణ ఒకరి మెడలోంచి ఇంకొకరి మెడలోకి పోతుంది. దాని వెంటే మైకు కూడా ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి పోతుంది. వీణను దండం పెట్టి తీసుకుంటారు. మైకును మాత్రం గుంజుకుంటారు.

నారాయణఖేడ్ తాలూకా 1956 దాకా బీదర్ జిల్లాలోది. రాష్ట్రాల పునర్విభజనలో మెదక్‌కు వచ్చింది. 2016 అక్టోబరులో సంగారెడ్డి జిల్లా ఏర్పడ్డప్పుడు నాగల్‌గిద్ద మండలమైంది. జిల్లాలు మారినా నోళ్లు మారలేదు. ఇక్కడ ఒకే మైకు ముందు తెలుగు, కన్నడం, మరాఠీ, ఉర్దూ, తండాల్లో లంబాడీ మాట్లాడతారు. ఆ మైకే ఏకాదశి భజనకు, గణపతి మండపానికి, బతుకమ్మకు, సేవాలాల్ జయంతికి, గ్రామసభకు, ఆఖరికి తప్పిపోయిన బర్రె గురించి చెప్పడానికీ. ఇన్ని చేతుల్లో తిరిగే వస్తువును కొనేటప్పుడు కమిటీవాళ్లు దుకాణంలో అడిగే ప్రశ్న ఒక్కటే: ‘మంచి ఆవాజ్ వచ్చేది ఏది?’

ఆ ప్రశ్నే తప్పు అని నా అభిప్రాయం. ఆవాజ్ సంగతి మైకు ధర కంటే ముందు దాన్ని ఎక్కడ పట్టుకున్నామనేది తేలుస్తుంది. ఎన్నేళ్లు మన్నుతుందనేది తీగ తేలుస్తుంది. రెండూ లెక్క వేసి చూద్దాం.

మన పాత కొలతలు ఇక్కడ భలేగా పనికొస్తాయి. నాలుగు వేళ్ల వెడల్పు బెత్తెడు, అంటే మూడు అంగుళాలు. మూడు బెత్తెలైతే జానెడు. రెండు జానలైతే మూరెడు. నోటి నుంచి దూరం పెరిగినకొద్దీ మైకుకు అందే గొంతు దూరం వర్గంలో తగ్గుతుంది. దూరం రెట్టింపైతే 6 డెసిబెల్‌లు పోతాయి. బెత్తెడు దూరంలో పాడే మనిషి గొంతు ఊరికి ఎంత వినబడుతుందో, మైకు జానెడు దూరం పోతే అంతే వినబడ్డానికి ఆంప్లిఫయర్ దాన్ని 9 రెట్లు ఎక్కువ పెంచాలి. మూరెడు దూరమైతే 36 రెట్లు. నోటికి మరీ దగ్గరలో ఈ సూత్రం గీత గీసినట్టు పని చేయదు కానీ, ఇంచుమించు లెక్క ఇదే.

మా దగ్గర భజనలో పెద్దవాళ్లు మైకును ఎట్లా పట్టుకుంటారో చూడండి. తాళాలు వాయించే చెయ్యి కదలాలి కాబట్టి మైకును రొమ్ము కాడ ఆనించుకుంటారు. అక్కడి నుంచి నోటికి జానెడు పైమాటే. మైకు సెట్టు పిల్లగాడు ఆంప్లిఫయర్ మీద వాల్యూమ్ పెంచుతాడు. కుయ్యిమంటుంది. తగ్గిస్తాడు. వెనకాల కూర్చున్నవాళ్లు ‘వినొస్తలేదు’ అని అరుస్తారు. మళ్లీ పెంచుతాడు, మళ్లీ కుయ్యిమంటుంది. ఆఖరికి లేచిపోయి, ‘కాకా, నోటి కాడికి పట్టు, గింతే దూరం’ అని నాలుగు వేళ్లు అడ్డం పెట్టి చూపిస్తాడు. కాకా పట్టుకుంటాడు. రెండు నిమిషాలు. తర్వాత మళ్లీ రొమ్ము మీదికే. ఇంకా పెద్ద ఆంప్లిఫయర్ కొనడం కంటే 700 రూపాయల స్టాండు కొని కాకా ముందు పెట్టడం సులువు. ఈ ఒక్క ముక్క కమిటీవాళ్లు పట్టుకుంటే నేను రాసేదాంట్లో సగం చదవనక్కర్లేదు.

స్టాండు పెట్టాక ఇంకో చిక్కు. పాండురంగ అనే పేరు ‘ప’తో మొదలవుతుంది. ప, బ, ఫ, భ అన్నప్పుడు నోట్లోంచి గాలి తోసుకొస్తుంది. మైకు సూటిగా ఎదురుంటే ప్రతి నామానికీ హారన్లలో ‘బుప్’మంటుంది. అందుకే మైకును పెదవుల మూలకు, కొంచెం ఏటవాలుగా పెట్టాలి. గాలి పక్కనుంచి పోతుంది, గొంతు లోపలికి వస్తుంది. దీనికి పైసా ఖర్చు లేదు.

ఇక మైకుల లెక్క. పాటకు వాడేవి రెండు రకాలు. ఒకటి డైనమిక్. లోపల పల్చని పొర, దానికి అతికించిన సన్న తీగ చుట్ట, చుట్టూ అయస్కాంతం. గొంతుకు పొర కదిలితే చుట్ట కదిలి కరెంటు పుడుతుంది. బయటినుంచి కరెంటు అక్కర్లేదు. రెండోది కండెన్సర్. స్టూడియోల్లో వాడే పెద్ద కండెన్సర్లకు మిక్సర్ నుంచి 48 వోల్టులు అందాలి. ఊళ్లలో ఉండే పాత ఆంప్లిఫయర్లు చాలావాటిలో ఆ ఏర్పాటే ఉండదు. కండెన్సర్ సున్నితం కూడా, పక్కింట్లో మిక్సీ శబ్దం సైతం పట్టేస్తుంది. పది చేతులు మారే చోట డైనమిక్ తప్ప ఇంకోటి ఆలోచించొద్దు.

ఈ డైనమిక్‌లలో ప్రపంచమంతా కొలమానంగా చూసేది షూర్ ఎస్‌ఎం58. షూర్ 1925లో షికాగోలో పుట్టిన కంపెనీ. ఈ మైకు 1966లో వచ్చింది. ఎస్‌ఎం అంటే స్టూడియో మైక్రోఫోన్. స్టూడియోలు పెద్దగా పట్టించుకోకపోతే 1970 ప్రాంతంలో దీన్ని ఆపేద్దామా అని కూడా అనుకున్నారు. స్టేజీల మీద పాడేవాళ్లు ఎత్తుకున్నారు కాబట్టి బతికింది. బరువు 298 గ్రాములు. 50 హెర్ట్జ్ నుంచి 15,000 హెర్ట్జ్ దాకా పట్టుకుంటుంది. ఆరడుగుల ఎత్తు నుంచి చెక్క నేల మీద పడేసి చూస్తారట. మన గుళ్లలో నేల షాబాద్ బండ, కాబట్టి మన పరీక్ష వాళ్లదాని కంటే ఒక మెట్టు పైనే ఉంటుంది. అయినా జాలీ సొట్టపోవడమే కానీ లోపలి గుండె చెడేది తక్కువ. జాలీ, లోపలి కార్ట్రిడ్జ్ విడిగా దొరుకుతాయి, మార్చుకోవచ్చు.

ఇక్కడ ధరలు ఉజ్జాయింపుగా పట్టుకుందాం. అసలు ఎస్‌ఎం58 పది వేలకు అటూఇటూ. 1940 నుంచి ఢిల్లీలో ఆంప్లిఫయర్లు, హారన్లు చేస్తున్న ఆహుజా వాళ్ల తరహా మంచి డైనమిక్ మైకు 1,800. బెరింగర్ ఎక్స్‌ఎం8500 కూడా దాదాపు అదే కోవ. పేరు లేని బజారు మైకు 600.

మన ఊరి వాడకం ఎంత? సప్తాహానికి 168 గంటలు అనుకుంటాం కానీ మైకు డ్యూటీ అంత ఉండకూడదు. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా బయట లౌడు స్పీకర్లు మోగకూడదు. పండుగలకు రాష్ట్ర ప్రభుత్వం సడలింపు ఇవ్వొచ్చు. అదీ ఏడాదికి 15 రోజులకు మించకుండా, రాత్రి 12 దాకానే. కాబట్టి సప్తాహంలో మైకుకు రోజుకు 16 గంటలు, మొత్తం 112. ఏడాదికి 24 ఏకాదశులు, ఒక్కోదానికి 4 గంటలంటే 96. గణపతి 9 రోజులు, 4 గంటల చొప్పున 36. బతుకమ్మ 9 రోజులు, 3 గంటల చొప్పున 27. మొత్తం 271 గంటలు. మిగతా ప్రకటనలు లెక్కలో వేయడం లేదు.

బజారు మైకు ఏడాది వచ్చిందనుకుందాం. గంటకు 2 రూపాయల 21 పైసలు. 1,800 మైకు నాలుగేళ్లు వస్తే గంటకు 1 రూపాయి 66 పైసలు. ఎస్‌ఎం58 పదిహేనేళ్లు వస్తే 2 రూపాయల 46 పైసలు. ఆయుష్షులు నా అంచనా, మీ అనుభవం వేరైతే మీ అంకెలు పెట్టుకోండి. కానీ ఒక్క మాట. అందరిదీ అయిన వస్తువు ఎవరిదీ కాదు. పది వేల మైకు పదిహేనేళ్లు బతుకుతుంది కానీ పదిహేనేళ్లు మన దగ్గరే ఉంటుందని ఎవరు రాసిస్తారు? మూడో ఏట పోయిందంటే గంటకు 12 రూపాయల 30 పైసలు పడుతుంది. రోజూ పాడుకునే కళాకారుడు, సొంత సంచీలో పెట్టుకునేవాడు ఎస్‌ఎం58 కొనుక్కుంటే అర్థముంది. గుడి కమిటీకి, మహిళా సంఘానికి, తండా యువజన సంఘానికి 1,800 మైకే సరిపోతుంది.

అసలు అని చెప్పి అమ్మే నకిలీల సంగతి వేరే. ఓ ఏడు మేము చందాలు పోగుచేసి పట్నంలో ఒక దుకాణంలో 1,400కు ‘ఒరిజినల్’ ఎస్‌ఎం58 కొన్నాం. జాలీ వెండిలా మెరుస్తోంది, డబ్బా మీద అక్షరాలు చక్కగా ఉన్నాయి. ఊరికొచ్చాక కిరాణా కొట్టు కాంటా మీద పెట్టి చూశాం. 298 రావాల్సింది, 300కు చాలా దూరంలోనే ఆగింది. కొట్టాయన, ‘అన్నా, అల్లం గిట్ల తూకం తక్కువిస్తే ఊకుంటవా?’ అన్నాడు. దుకాణానికి తిరిగి పోవడానికి బస్సు ఛార్జీలు దండగ. ఆ మైకు మూడు నెలలు కూడా ఆడలేదు. ఏడో వంతు ధరకు అసలుది ఎవరూ ఇవ్వరని అప్పుడు తట్టలేదు. 1,400 పెట్టి నకిలీ పేరు కొనే బదులు ఆ డబ్బుకు అసలైన మామూలు మైకే దొరుకుతుంది.

మైకులో ముందు పోయేది మైకు కాదు, తీగ. తీగలోనూ మధ్యలో తెగేది అరుదు. పిన్ను దగ్గర రెండు మూడు అంగుళాల లోపలే తెగుతుంది, అక్కడే మడతపడుతుంది కాబట్టి. కార్యక్రమం అయ్యాక మోచేతికీ బొటనవేలికీ మధ్య బిగించి చుడతాం చూడండి, అది తీగకు మెలి పెట్టడమే. వదులుగా, పెద్ద చుట్టలుగా చుడితే ఆయుష్షు ఎన్నో రెట్లు పెరుగుతుంది.

తీగలో ఇంకో తేడా ఉంది. చవక మైకులకు ఒంటి జాక్ వస్తుంది, మన ఎలక్ట్రీషియన్లు పి-38 అనేది. అందులో సిగ్నల్‌కు ఒక తీగ, చుట్టూ జాలీ. రెండోది మూడు పిన్నుల ఎక్స్‌ఎల్‌ఆర్. ఒకటో పిన్ను జాలీకి, రెండూ మూడూ సిగ్నల్‌కు. ఈ రెండు తీగల్లో గొంతు ఒకదానికొకటి తిరగేసి వెళ్తుంది. దారిలో పక్కనున్న కరెంటు వైరు నుంచి 50 హెర్ట్జ్ గుర్రు దూరితే అది రెండింటిలోనూ ఒకేలా దూరుతుంది. అవతల ఆంప్లిఫయర్ ఒకదాంట్లోంచి ఒకటి తీసేస్తుంది. గుర్రుకు గుర్రు కొట్టుకుపోతుంది, గొంతు మిగులుతుంది.

ఇదెందుకు ముఖ్యమో అంకెల్లో చూస్తే తెలుస్తుంది. మైకు దగ్గర 94 డెసిబెల్‌లు ఉన్నప్పుడు, ఎస్‌ఎం58 ఇచ్చేది 1.88 మిల్లీవోల్టులు. మిక్సర్ దీన్ని లైను స్థాయికి, అంటే 1.23 వోల్టులకు తేవాలంటే సుమారు 650 రెట్లు పెంచాలి. తీగలో దూరిన గుర్రు కూడా దాంతోపాటే 650 రెట్లు పెరుగుతుంది. మండపం మూల నుంచి ఆంప్లిఫయర్ దాకా పది మీటర్లు, పక్కనే సీరియల్ లైట్ల వైర్లు. అక్కడ ఒంటి జాక్ పెట్టుకుని హమ్ వస్తోందని మైకును తిట్టి లాభం లేదు. ఎక్స్‌ఎల్‌ఆర్ మైకు కొని, తీగ రెండో చివరకు పి-38 అతికించినా ఈ మేలు పోతుంది. ఆంప్లిఫయర్‌లో ఎక్స్‌ఎల్‌ఆర్ రంధ్రం ఉందో లేదో ముందే చూడండి.

తెగిన తీగను కనిపెట్టడం బ్రహ్మవిద్య కాదు. 300 రూపాయల మల్టీమీటరును ఓమ్‌ల మీద పెట్టి, తీగను మైకుకు తగిలించి అవతలి చివర రెండో, మూడో పిన్నుల మీద ఆనించాలి. కొన్ని వందల ఓమ్‌లు చూపిస్తే తీగా మైకూ రెండూ బతికే ఉన్నాయి. ఏమీ చూపించకపోతే ఎక్కడో తెగింది. సున్నా చూపిస్తే లోపల రెండు తీగలు అంటుకున్నాయి. అప్పుడు తీగను ఊపుతూ చూస్తే అంకె ఎక్కడ ఎగురుతుందో అక్కడే లోపం. రెండు అంగుళాలు కత్తిరించి మళ్లీ టంకం పెట్టుకోవడమే. ‘మనకు రాదు’ అనేవాళ్లు ఒక్కసారి జహీరాబాద్ వైపు మాచనూరును గుర్తు తెచ్చుకోవాలి. అక్కడ 2008 అక్టోబరు 15 నుంచి 90.4 మెగాహెర్ట్జ్ మీద సంగం రేడియోను నడుపుతున్నది దళిత మహిళా రైతు సంఘాల ఆడవాళ్లు. రికార్డింగ్, ఎడిటింగ్, ప్రసారం అన్నీ వాళ్లవే. పిన్నుకు టంకం పెట్టడం అంతకంటే కష్టమేమీ కాదు.

వైర్‌లెస్ కావాలని కుర్రవాళ్లు పట్టుబడతారు. డ్యాన్సు చేస్తూ పాడాలనుకుంటే అదే దారి. కానీ సప్తాహానికి లెక్క వేయండి. రెండు సెల్లుల జత ఎనిమిది గంటలు వస్తుందనుకుంటే 112 గంటలకు 14 జతలు, 28 సెల్లులు. పైగా సెల్లు ఆరిపోయేది సరిగ్గా ఆరతి వేళకే, ఎందుకో మరి. చవక వైర్‌లెస్ సెట్లలో ఒక చేతి మైకు పోతే చాలాసార్లు జతది దొరకదు, రిసీవరు పనికిరాకుండా మూలన పడుతుంది. తీగ మైకు పోతే ఇంకో కంపెనీది తగిలిస్తాం, అంతే.

ఎన్ని మైకులు కొనాలి అన్నదాంట్లోనూ జనం పొరపడతారు. పన్నెండు మంది పాడుతున్నారని ఎనిమిది మైకులు పెడితే ఊరు దద్దరిల్లదు. తెరిచి ఉన్న మైకుల సంఖ్య రెట్టింపైన ప్రతిసారీ కుయ్యిమనకుండా పెంచగలిగే వాల్యూమ్ 3 డెసిబెల్‌లు తగ్గుతుంది. ఒకటి నుంచి ఎనిమిదికి వెళ్తే 9 డెసిబెల్‌లు పోయినట్టే. ముందుండి పాడేవాళ్లకు ఒకటి, వెనక కోరస్ వాళ్లకు ఒకటి, మృదంగానికో హార్మోనియానికో ఒకటి, మూడు చాలు. తాళాలకు మైకు అక్కర్లేదు, అవి అడక్కుండానే అన్ని మైకుల్లోకీ దూరుతాయి. పాటకు వాడే మామూలు మైకులు కార్డియాయిడ్ రకం, ముందునుంచి బాగా వింటాయి, వెనక నుంచి దాదాపు చెవుడు. కాబట్టి స్పీకరు ఎప్పుడూ మైకు తోక వైపు ఉండాలి. జాలీని పిడికిలితో మూసి పట్టుకుంటే ఈ గుణం పోతుంది. సినిమా పాటలు పాడే కుర్రాళ్లు స్టైలుగా అట్లే పట్టుకుంటారు, వెంటనే కుయ్యిమంటుంది, మైకు సెట్టాయన వైపు కోపంగా చూస్తారు.

శబ్దానికి హద్దు కూడా ఉంది. జనావాసాల్లో పగలు 55 డెసిబెల్‌లు. లౌడు స్పీకరు వాడే బహిరంగ స్థలం అంచున దానికంటే 10 మించకూడదు, అంటే 65. ఫోన్‌లో దొరికే యాప్ పూర్తిగా కచ్చితం కాకపోయినా ఒకసారి ఊరి చివర నిలబడి చూడండి. నేను చూశాను. ఆ అంకె ఇక్కడ రాయను.

ఇప్పుడు అందరూ తప్పించుకునే విషయం. మైకు పట్టుకుంటే ‘జివ్వు’మన్నదని నవ్వుతూ చెప్పుకుంటారు. అది నవ్వే సంగతి కాదు. మైకు ఒళ్లు లోహం, అది తీగ జాలీ ద్వారా ఆంప్లిఫయర్ డబ్బాకు కలిసి ఉంటుంది. ఆంప్లిఫయర్‌లో 230 వోల్టులు ఎక్కడైనా డబ్బాకు తగిలితే, ఎర్తింగు లేకపోతే, అది నేరుగా పాడేవాడి పెదవి మీదికి వస్తుంది. వానాకాలం, తడి మండపం, ఉత్త కాళ్లు. మూడు పిన్నుల ప్లగ్గులో ఎర్తు పిన్ను విరగ్గొట్టి రెండు రంధ్రాల్లో దూర్చడం మన అలవాటు. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఒకటి పెట్టించండి. కరెంటు దారి తప్పితే కన్నుమూసి తెరిచేలోగా అది సరఫరాను ఆపేస్తుంది. ఈ ఖర్చును మైకు బడ్జెట్‌లో కలపకండి, గుడి కరెంటు ఖర్చులో రాయండి. ఏ ప్రెసిడెంటూ కాదనడు.

శుభ్రం సంగతి కరోనా తర్వాత కొంచెం నయమై, మళ్లీ మామూలైంది. సప్తాహం ముగిశాక జాలీ విప్పి చూస్తే లోపలి స్పాంజి రంగే మారిపోయి ఉంటుంది. బుక్కా, గులాల్, పసుపు, పాన్ తుంపర, వంద నోళ్ల తడి. జాలీని తిప్పి ఊడదీసి, స్పాంజిని సబ్బు నీళ్లలో నానబెట్టి, జాలీని పాత పళ్ల బ్రష్షుతో తోమి, నీడలో పూర్తిగా ఆరనివ్వాలి. తడి మీద బిగిస్తే వాసన వస్తుంది, లోపల తుప్పు పడుతుంది. శానిటైజరును మైకు మీద నేరుగా కొట్టొద్దు, లోపలి పల్చని పొర మీద పడితే పని అయిపోతుంది. విప్పిన మైకును స్పీకరు దగ్గర, ఇనుప రజను ఉన్న చోట పెట్టొద్దు. మైకులో అయస్కాంతం ఉంది, రజను లాక్కుంటుంది. ఒకసారి లోపలికి పోయిన రజను బయటికి రాదు.

పది వేలు చేతిలో ఉంటే నేనైతే ఇలా ఖర్చు పెడతాను. స్విచ్ లేని ఎక్స్‌ఎల్‌ఆర్ డైనమిక్ మైకులు మూడు, 1,800 చొప్పున 5,400. స్విచ్ లేకపోవడమే మంచిది. ఉంటే ముందు పాడిపోయినవాడు ఆపేసి పోతాడు, తర్వాత వచ్చినవాడు ‘హలో, హలో’ అంటూ మైకును అరచేత్తో కొడతాడు. స్విచ్ ఉన్నదే దొరికితే ఆన్‌లో పెట్టి టేపు చుట్టేయాలి. పది మీటర్ల తీగలు మూడు, 600 చొప్పున 1,800. స్టాండులు రెండు, 1,400. మల్టీమీటరు, టంకం సామాను, మూత గట్టిగా పడే ఒక స్టీలు డబ్బా కలిపి 1,000. మొత్తం 9,600. మిగిలిన 400 కొత్త పిన్నులకు, స్పాంజిలకు.

ఇంకో పని కూడా చేస్తాను. ఇంట్లో అడిగి గోళ్ల రంగు తెచ్చి ఒక్కో మైకు తోక మీద 1, 2, 3 అని, తీగల రెండు చివర్లా అవే అంకెలు వేస్తాను. సప్తాహం ముగిసే కాలా రోజున ఉట్టి కొట్టి, ప్రసాదం పంచి, జనం వెళ్లిపోయాక డబ్బా మూత పెట్టేవాడికి మూడు కనబడాలి. పోయినేడు రెండే కనబడ్డాయి. మూడోది పదకొండు రోజుల తర్వాత పక్క తండా నుంచి వచ్చింది, శుభ్రంగా తుడిచి, కొత్త స్పాంజి వేసి.